బాబాయ్ ట్రాక్టరుకి జీపీఎస్ డబ్బా పెట్టిన కథ – నా అనుభవం

మా బాబాయ్‌కి తెనాలి దగ్గర పల్లెలో ఒక ట్రాక్టరుంది, కిరాయికి తిప్పుతాడు. వేసవిలో రోటవేటర్ కొడితే ఎకరానికింత, కాలవలకి నీళ్ళొదిలాక దమ్ము చేస్తే గంటకింత. గొడవ రెండిట్లోనూ వస్తుంది. ఎకరం లెక్కైతే పొలం వాడు "అది రెండున్నరే బాబాయ్, మూడెక్కడిది" అంటాడు, గంట లెక్కైతే "మధ్యలో టీకి వెళ్ళిన అరగంట తియ్యవా" అంటాడు. ట్రాక్టరు మీద గంటల మీటరుంది కానీ పాత బండి, ఆ మీటరు ఇంజన్ స్పీడుని బట్టి తిరిగే రకం, ఐడిల్‌లో పెడితే గంటకి గంట తిరగదు, కాబట్టి దాన్ని ఎవడూ నమ్మడు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు బాబాయ్ ఇదంతా చెప్పి "ఏరా, ఈసీఈ చదివావు కదా, ఏదన్నా చెయ్యరా" అన్నాడు. నాలుగేళ్ళు ఈసీఈ చదివిన మాట నిజమే, కానీ ల్యాబ్‌లో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంది ఒక్కసారి, అదీ రికార్డులో సంతకం కోసం. ఆ మాట బాబాయ్‌కి చెప్పలేను కదా, సరే అన్నా.

ఫోన్‌లో యాప్ ఉంటుందిగా అంటారని తెలుసు. మొదట అదే పెట్టాం. డ్రైవరన్న ఫోన్‌లో వేస్తే మధ్యాహ్నానికి చార్జింగ్ అయిపోయేది, లేదా ఎవరో ఫోన్ చేస్తే మాట్లాడాక యాప్ పోయేది, లేదా అన్నే ఆపేసేవాడు. ఎవరి తప్పని అడగడానికి లేదు, ఆయన ఫోన్ ఆయనిష్టం. కాబట్టి తాళం తిప్పగానే దానంతటదే మొదలయ్యి, తాళం తీస్తే ఆగిపోయి, ఎవరూ ముట్టుకోనక్కర్లేని డబ్బా ఒకటి కావాలి. సిమ్ వద్దు, నెలనెలా రీచార్జి వద్దు, ఎక్కడున్నాడో లైవ్‌లో చూడాల్సిన పనీ లేదు, సాయంత్రం కార్డు తీసి చూసుకుంటే చాలు.

కొన్న సామాను పెద్దగా ఏం లేదు. ఆర్డుయినో ఊనో (మనం రాసిన ప్రోగ్రాం నడిపే చిన్న బోర్డు) క్లోన్ ఒకటి, నియో-6ఎం జీపీఎస్ మాడ్యూల్ ఒకటి (పైన చదరపు సిరామిక్ బిళ్ళలాంటి యాంటెన్నా వస్తుంది, ఇంచి పొడవు ఇంచి వెడల్పు), మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టుకునే మాడ్యూల్ ఒకటి, ఎల్ఎం2596 అని 12 వోల్టుల్ని 5కి దింపే బక్ మాడ్యూల్ ఒకటి. కార్డు మాత్రం ఇంట్లో పడున్న 64 జీబీది తీసా. అక్కడే మొదటి పూట పోయింది. ఆర్డుయినోతో వచ్చే ఎస్‌డీ లైబ్రరీకి (కార్డుతో మాట్లాడటానికి ముందే రాసిపెట్టిన కోడు) కార్డులో ఫైళ్ళు సర్దే పద్ధతుల్లో ఫ్యాట్16, ఫ్యాట్32 తప్ప వేరే తెలీదు, 64 జీబీ కార్డులేమో ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. "కార్డ్ ఇనిషియలైజ్ అవ్వలేదు" అనొకటే మాట చెప్తుంది, ఎందుకో చెప్పదు. నేను వైరింగ్ మొత్తం మూడు సార్లు పీకి పెట్టా. చివరికి పాత కీప్యాడ్ ఫోన్‌లోంచి 8 జీబీ కార్డు తీసి పెడితే ఒక్క దెబ్బకి తీసుకుంది. అసలు 8 జీబీ కూడా ఎక్కువే, నేను రాసే లైను 45 అక్షరాలు, సెకనుకొకటి చొప్పున గంటకి 162 కేబీ, రోజుకి పది గంటలు తోలినా 1.6 ఎంబీ. ఆ లెక్కన 8 జీబీ నిండడానికి 13 ఏళ్ళు పడుతుంది, ట్రాక్టరు ముందు అరిగిపోద్ది.

జీపీఎస్ వైపు ఎంత తేలికంటే చెప్తే నమ్మరు. కరెంటిచ్చి ఆకాశం కనపడేలా పెడితే చాలు, అదే మాట్లాడుతుంది. 9600 స్పీడులో సెకనుకోసారి ఎక్కడుందో, టైమెంతో చెప్పే నాలుగైదు రకాల లైన్లు పంపుతుంది, జీపీఆర్ఎంసీ అని, జీపీజీజీఏ అని, ఇంకా జీఎస్‌వీ, జీఎస్ఏ అని. మనం దానికి ఏమీ చెప్పక్కర్లేదు కాబట్టి దాని టీఎక్స్ (పంపే) కాలు నుంచి ఊనోకి ఒక్క వైరు లాగితే సరిపోతుంది. మా హాల్లో కూర్చుని పెడితే మాత్రం కామాలే వచ్చాయి. కామా కామా కామా, మధ్యలో ఒక "వీ". వీ అంటే ఇంకా ఉపగ్రహాలు దొరకలేదని, దొరికితే "ఏ" అవుతుంది. స్లాబు కింద ఇరవై నిమిషాలు చూసి మాడ్యూల్ పోయిందనుకున్నా, డాబా మీదికి తీసుకెళ్తే నిమిషంలోపే దాని మీదున్న చిన్న లైటు సెకనుకోసారి మిణుకు మిణుకుమనడం మొదలెట్టింది. 20,200 కిలోమీటర్ల పైనుంచి వచ్చే సిగ్నలు, స్లాబు దాటి రమ్మంటే ఎక్కడొస్తుంది పాపం.

ఆ లైన్లని విడగొట్టడం నేనే సొంతంగా రాద్దామని మొదలెట్టి ఒక బొక్క చేసుకున్నా. అందులో అక్షాంశం 1614.4000 అన్నట్టు వస్తుంది. చూడగానే 16.144 అనుకున్నా. కాదు, మొదటి రెండంకెలు డిగ్రీలు, మిగతాదంతా నిమిషాలు, అంటే 16 డిగ్రీల 14.4 నిమిషాలు, నిమిషాల్ని 60తో భాగించి కలిపితే 16.24 డిగ్రీలు. తెనాలిలో డాబా మీద నిలబడి పది కిలోమీటర్లు దక్షిణాన ఉన్నట్టు మ్యాపులో చూసుకున్నాక ఆ సొంత తెలివి కట్టిపెట్టి టైనీ జీపీఎస్ ప్లస్ లైబ్రరీ వేసుకున్నా. అది డిగ్రీల్లోకి మార్చే ఇస్తుంది, లైను చివర నక్షత్రం గుర్తు తర్వాత ఉండే చెక్‌సమ్ (లైను చెడకుండా వచ్చిందో లేదో చూసుకునే అంకె) కూడా సరిచూసి, తేడా ఉన్న లైను పారేస్తుంది. ఈ చెక్‌సమ్ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అదే నన్ను కాపాడింది.

మొదటి టెస్టు బైకు మీద. పవర్ బ్యాంకుకి కట్టి బ్యాగులో వేసుకుని తెనాలి నుంచి ఊరికి వెళ్ళా. ఇంటికెళ్ళి చూస్తే ఫైల్లో ఏమీ లేదు. పవర్ బ్యాంకు తెలివైనది, ఇంత తక్కువ కరెంటు లాగేది ఏదో ఫోన్ చార్జింగ్ అయిపోయినట్టుంది అనుకుని ఆఫ్ అయిపోయింది. తిరుగు ప్రయాణంలో పవర్ బ్యాంకుకి నా ఫోన్ కూడా తగిలించి అప్పుడు నడిపించా. ఈసారి వేల లైన్లొచ్చాయి, సంతోషం పట్టలేక ఎక్సెల్‌లో తెరిస్తే,

16.24,80.64
16.24,80.64
16.24,80.64

కిందికి ఎంత లాగినా అదే. లాగగా లాగగా ఒకచోట 16.23, మళ్ళీ వందల లైన్లు 16.23. ఎక్కడ తప్పో ఒక గంట తర్వాత తెలిసింది. ఆర్డుయినోలో పాయింటు ఉన్న అంకెని ప్రింట్ చెయ్యమంటే, ఎన్ని స్థానాలో చెప్పకపోతే రెండే రాస్తుంది. రెండో దశాంశ స్థానం అంటే నేల మీద ఒక కిలోమీటరు పైచిలుకు. మా ఊరంతా ఒకే చుక్క అయిపోయింది. ప్రింట్‌లో అంకె పక్కన కామా కొట్టి 6 అని పెడితే తీరిపోయింది. డేటా అంతా సరిగ్గానే వచ్చింది, నేనే రాసేటప్పుడు నరికేసా. ఇంకో చిన్న మాట, ఊనోలో ఎక్కువ అంకెలు పట్టే డబుల్ అని రాసినా అది తక్కువ పట్టే ఫ్లోటే, 80 డిగ్రీల దగ్గర అది చూపగలిగే చుక్కకీ చుక్కకీ మధ్య ముప్పావు మీటరు పైచిలుకు ఉంటుంది. ట్రాక్టరుకి అది పర్లేదు అనుకున్నా.

తర్వాత దాన్ని గూగుల్ ఎర్త్‌లో పెడదామని దానికి అర్థమయ్యే కేఎమ్ఎల్ రకం ఫైలు చేసా. తెరిస్తే భూమి గిర్రున తిరిగి పైకెళ్ళి, ఇంకా పైకెళ్ళి, నార్వే దాటేసి మంచు దగ్గరాగింది. కేఎమ్ఎల్‌లో రేఖాంశం ముందు రాయాలి, అక్షాంశం తర్వాత, నేను మనం మామూలుగా చెప్పుకునే వరసలో రాసా. 16, 80 తిరగేస్తే 80 డిగ్రీల ఉత్తరం, 16 డిగ్రీల తూర్పు, అంటే స్వాల్‌బార్డ్ దీవులకి కాస్త పైన ఆర్కిటిక్ సముద్రం. హైదరాబాద్ వాళ్ళు ఇదే తప్పు చేస్తే దీవుల మీదే పడతారు, ప్రపంచ పంటల విత్తనాలు దాచిన ఖజానా ఉంది చూడండి ఆ దీవి. మనకి ఆ అదృష్టం కూడా లేదు, నీళ్ళలోనే. బాబాయ్‌కి చూపిస్తే "సముద్రంలో దమ్ము చేస్తున్నాంరా, గంటకెంతిస్తారో కనుక్కో" అన్నాడు.

ఇక్కడిదాకా ఇంట్లో ఆటలు. అసలు కష్టం డబ్బా ట్రాక్టరెక్కాక మొదలైంది.

మే నెల మొదటివారంలో బిగించాం. బ్యాటరీ నుంచి తాళం తర్వాత వైరు తీసుకుని, మధ్యలో ఫ్యూజ్ వేసి, బక్ మాడ్యూల్‌ని ముందే మల్టీమీటర్ పెట్టి 5 వోల్టులకి తిప్పి, ఎలక్ట్రికల్ షాపులో దొరికే తెల్ల జంక్షన్ బాక్సులో అన్నీ సర్ది స్టీరింగ్ ముందు, బండి మధ్యలో బిగించా. సాయంత్రం కార్డు తీసి చూస్తే ఫైలుంది, సైజు 0 కేబీ. మర్నాడు మళ్ళీ 0. ఇంట్లో పనిచేసింది, బైకు మీద పనిచేసింది, ట్రాక్టరు మీద సున్నా. మూడో రోజు గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే తట్టింది, అప్పుడు నేను ఒక బటన్ నొక్కి ఫైలు క్లోజ్ చేసి అప్పుడు కరెంటు తీసేవాణ్ణి, ఇక్కడ అన్న తాళం తీస్తాడు, ఠక్కున పోతుంది. ఫైల్లోకి రాసిన లైన్లు ముందు ర్యామ్‌లో 512 బైట్ల గదిలో చేరతాయి, గది నిండితే కార్డులోకి వెళ్తాయి, ఆ వెళ్ళినవి ఎన్ని అన్న లెక్క మాత్రం ఫైలు క్లోజ్ చేస్తేనో ఫ్లష్ (గదిలో ఉన్నదంతా అప్పటికప్పుడు కార్డులోకి రాయించడం) చేస్తేనో కార్డు మొదట్లోని పట్టికలో పడుతుంది. పుస్తకం నిండా రాసి విషయసూచికలో పేజీల ముందు సున్నా వేసినట్టు. రాత ఉంది, ఉందని చెప్పేవాడు లేడు.

సరే ప్రతి లైనుకీ ఫ్లష్ పెట్టా. ఫైలు నిండింది. కానీ గీతలో తొర్రలొచ్చాయి, ట్రాక్టరు చాలు మధ్యలో మాయమయ్యి నాలుగు మీటర్ల అవతల తేలుతోంది. సెకనుకొక లైను రావాల్సింది 12:04:31 తర్వాత 12:04:35 ఉంటుంది. ముందు ఉపగ్రహాలు పోతున్నాయనుకుని వాటి సంఖ్య కూడా రాయించా, 9, 9, 9, 8, 9, బ్రహ్మాండంగా ఉన్నాయి. అప్పుడు ఆ చెక్‌సమ్ తప్పిన లైన్లెన్నో చెప్పే ఫంక్షన్ ఒకటుందని గుర్తొచ్చి అది కూడా ఫైల్లో చివరి గడిగా రాయించా. గంటకి వేలల్లో పెరుగుతోంది.

దీని వెనక లెక్క నాకు బాగా నచ్చింది, అందుకే కాస్త వివరంగా చెప్తా. 9600 స్పీడంటే సెకనుకి 960 అక్షరాలు. ఊనోలో జీపీఎస్ మాటలు వినే సాఫ్ట్‌వేర్ సీరియల్ అనే కోడుకి, వచ్చినవి దాచుకునే గది 64 అక్షరాలది. అంటే మనం పట్టించుకోకుండా వదిలేస్తే 67 మిల్లీ సెకన్లలో ఆ గది నిండిపోయి, ఆ పైన వచ్చినవి కింద పోతాయి. కార్డులోకి ఫ్లష్ అంటే ఒక్కోసారి ఐదారు మిల్లీ సెకన్లు, ఒక్కోసారి కార్డు లోపల ఏదో సర్దుకుంటూ 100 దాటిపోతుంది. ఆ టైములో ఊనో కార్డు వైపు తిరిగి ఉంటుంది, వెనకాల జీపీఎస్ మాట్లాడుతూనే ఉంటుంది, సగం లైను పోతుంది, చెక్‌సమ్ కలవదు, లైబ్రరీ లైను పారేస్తుంది. చిన్నప్పుడు డిక్టేషన్ చెప్పేటప్పుడు పక్కోడి పుస్తకంలోకి చూస్తే రెండు మాటలు ఎగిరిపోయేవి చూడండి, అచ్చం అదే.

లైబ్రరీ లోపల ఆ 64ని 256 చెయ్యొచ్చు, కానీ ఊనోకి మొత్తం ర్యామే 2 కేబీ, కార్డుకే 512 పోయింది, అప్పటికే నేను మెసేజీలన్నీ ర్యామ్‌లో కాకుండా ప్రోగ్రాం ఉండే ఫ్లాష్‌లోకి తోసి బతుకుతున్నా. ఇంకో దారి దొరికింది. జీపీఎస్ సెకనంతా మాట్లాడదు. అన్ని రకాల లైన్లూ కలిపితే 450 అక్షరాలు, అంటే సగం సెకను మాట్లాడి మిగతా సగం నోరు మూసుకుంటుంది. మాట్లాడేటప్పుడు విని, ఆగినప్పుడు రాసుకుంటే సరి. చివరి అక్షరం వచ్చి 50 మిల్లీ సెకన్లయినా కొత్తది రాలేదంటే మాటలైపోయాయని, అప్పుడు లైను రాయడం. ఫ్లష్ కూడా ప్రతిసారీ కాకుండా పది లైన్లకోసారి, తాళం తీస్తే మహా అయితే పది సెకన్లు పోతాయి. ఇది పెట్టాక ఆ చివరి గడి రోజంతా 3 దగ్గరో 4 దగ్గరో ఆగిపోయింది. మొత్తం ప్రాజెక్టులో నాకు బాగా ఆనందం వేసింది ఆ రోజే, ఇంట్లో ఎవరికి చెప్పినా అర్థం కాదు, అది వేరే సంగతి.

టైము ఇంకో తమాషా. జీపీఎస్ ఇచ్చేది యూటీసీ (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం), మనకంటే ఐదున్నర గంటలు వెనక. ఫైలు పేరు నేను తారీఖుతో పెట్టించా (పేరు ఎనిమిదక్షరాలు దాటకూడదు, దాటితే ఆ లైబ్రరీ ఫైలే తెరవదు, చెప్పదు కూడా). మేలో ఎండకి భయపడి అన్న తెల్లారకముందే ఐదింటికి దిగేవాడు. అప్పుడు యూటీసీలో ఇంకా నిన్నటి రాత్రి 11:30. కాబట్టి మొదటి అరగంట పని నిన్నటి ఫైల్లో చివర్న పడేది, బాబాయ్ నేనిచ్చిన లెక్క చూసి "నిన్న వీడు సాయంత్రం ఆరింటికే ఇంటికొచ్చాడు కదా, అర్ధరాత్రి ఎవరి చేను దున్నాడురా" అని అన్నని అడిగేసాడు కూడా. పాపం ఆయనకేం తెలుసు యూటీసీ గురించి. ఊనోలోనే ఐదున్నర కలుపుదామంటే నెలాఖరులు, తారీఖు మారడాలు అన్నీ చూసుకోవాలి, అంతకంటే అన్నీ యూటీసీలోనే రాయించి ఎక్సెల్‌లో 5.5ని 24తో భాగించి కలిపితే తేలిగ్గా తేలింది. అన్నకి మాత్రం బాబాయ్ చేత సారీ చెప్పించలేకపోయా.

ఆగి ఉన్న ట్రాక్టరు నడవడం ఇంకోటి. ఒక రాత్రి డబ్బాని డాబా మీద కదలకుండా పెట్టి, పొద్దున చుక్కకీ చుక్కకీ మధ్య దూరాలు కూడితే మూడు కిలోమీటర్ల పైన వచ్చింది. చుక్క ఎప్పుడూ ఒకచోట నిలవదు, రెండు మూడు మీటర్లు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది, ఆ ఊగులాటలన్నీ కూడితే దూరం. గంటల లెక్కకిదే ముఖ్యం కాబట్టి గంటకి ఒక కిలోమీటరు లోపు స్పీడుంటే ఆగినట్టే అని పెట్టా. దమ్ములో బండి ఎంత నెమ్మదిగా పోయినా రెండు దాటుతుంది, సరిపోయింది.

బ్రెడ్‌బోర్డ్ మీద జంపర్ వైర్లతో బిగించింది వారం కూడా ఆగలేదని వేరే చెప్పక్కర్లేదు. ట్రాక్టరు వణుకుడుకి ఒక్కో వైరూ ఊడొచ్చేసింది. డాట్ బోర్డు మీద అన్నీ సోల్డర్ చేసి పైన గ్లూ గన్‌తో పోసా, రోహిణి కార్తె ఎండకి ఆ గ్లూ మెత్తబడి జీపీఎస్ యాంటెన్నా పక్కకి వాలిపోయి ఆకాశం బదులు అన్న మొహం చూడ్డం మొదలెట్టింది. స్క్రూలు వేసా. కార్డు మాడ్యూల్‌ని యాంటెన్నాకి ఆనించి పెడితే ఉపగ్రహాలు 9 నుంచి 5కి పడేవి, ఆ మూలకొకటి ఈ మూలకొకటి పెడితే పోయింది.

జూన్‌లో ఒకసారి వెళ్తే డబ్బాలో కార్డే లేదు. రెండు వారాల డేటా. అన్నని అడిగితే నవ్వుతూ సీటు పక్కనున్న పాటల ప్లేయర్‌లోంచి తీసిచ్చాడు. "ఏముంది తమ్ముడూ అందులో, అన్నీ అంకెలే, పాటలు ఒక్కటీ లేవు, అందుకే తెనాల్లో వేయించా" అన్నాడు. నా ఫైళ్ళు మాత్రం భద్రంగా ఉన్నాయి, కార్డు తీసిన రోజు దాకా. పక్కన ఫోల్డర్ నిండా పాత పాటలు. కోప్పడదామనుకుని ఆగా, ఎందుకంటే తప్పు నాదే, ఆ డబ్బా ఏం చేస్తుందో ఆయనకి ఒక్కసారి కూడా నేను చెప్పలేదు, బాబాయ్ కూడా చెప్పలేదు, ఆయన మీద నిఘా అని ఆయనే అనుకుని ఉంటాడు. ఆ రోజు లాప్‌టాప్ తెరిచి ఆయన దున్నిన చేలన్నీ గూగుల్ ఎర్త్‌లో చూపించా. పైనుంచి చాళ్ళు దువ్వెనతో దువ్వినట్టు కనపడ్డాయి. చాలాసేపు మాట్లాడకుండా చూసి, "ఇదిగో ఇక్కడ బురదలో దిగబడ్డా" అని ఒకచోట వేలు పెట్టాడు. నిజమే, ఆ చోట చుక్కలు ముద్దగా ఉన్నాయి, నలభై నిమిషాలు. పాటలకి వేరే కార్డు కొనిచ్చా.

ఇంక అసలు పరీక్ష. మూడెకరాల చేనొకటి, ఆసామి రెండున్నరకే డబ్బులిస్తానని పట్టుబట్టాడు. నేను ఊళ్ళోనే ఉన్నా, టీ బడ్డీ దగ్గర అందరి ముందూ కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టా. లెక్క పెద్దదేం కాదు, బయటి చుట్టు చుక్కలు తీసుకుని డిగ్రీల్ని మీటర్లు చెయ్యాలి, మా దగ్గర అక్షాంశం ఒక డిగ్రీ 110.6 కిలోమీటర్లు, రేఖాంశం ఒక డిగ్రీ దాదాపు 107, ఆ తర్వాత బహుభుజి వైశాల్యం సూత్రం, పైథాన్‌లో పది లైన్లు. 40.47తో భాగిస్తే సెంట్లు. 286 సెంట్లు వచ్చింది. రెండెకరాల ఎనభై ఆరు సెంట్లని గట్టిగా చదివా. ఆసామి మొహం వెలిగింది, "చూసావా, మూడు కాదుగా" అన్నాడు. బాబాయ్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. డబ్బా పెట్టించింది ఆయన, సాక్ష్యం చెప్పింది ఆయన మీదే.

అప్పుడు పక్కన గ్లాసు పట్టుకుని నిలబడ్డ డ్రైవరన్న అడిగాడు, "తమ్ముడూ, ఆ గీత డబ్బా నడిచినకాడికా, రోటవేటర్ పడినకాడికా?"

డబ్బా నడిచినకాడికే. డబ్బా ఉండేది దాదాపు బండి మధ్యలో. రోటవేటర్ ఆరడుగులది, చుట్టూ గట్టు వెంబడి పోయేటప్పుడు డబ్బాకి అవతల ఇంకో మూడడుగులు దున్నుతుంది. ఆ చేను చుట్టుకొలత 440 మీటర్లు, మూడడుగులంటే 0.91 మీటరు, గుణిస్తే 400 చదరపు మీటర్లు, అంటే పది సెంట్లు. మొత్తం 296. మిగిలిన నాలుగు సెంట్లు జీపీఎస్ ఊగులాటలో ఉండొచ్చు, మూలల్లో బండి తిరగలేక వదిలినచోట ఉండొచ్చు, ఒక్క మీటరు లోపలికి జరిగితేనే పదకొండు సెంట్లు మారిపోయే చేలో నాలుగు సెంట్ల గురించి ఈ మాడ్యూల్‌తో మాట్లాడే హక్కు నాకు లేదు. సరిచూద్దామని నడిచిన దూరం కూడా తీసా, అతుకు పడకుండా, అంటే దున్నిన చోటే మళ్ళీ దున్నకుండా కొడితే ఆరడుగుల రోటవేటర్‌కి ఎకరానికి 2.2 కిలోమీటర్లు పడాలి, ఆ రోజు 7.9 కిలోమీటర్లు నడిచింది, అతుకులూ మలుపులూ తీస్తే మూడెకరాలకే దగ్గర. ఆసామి కాసేపు గొణిగి మూడుకే ఇచ్చాడు, టీ డబ్బులు మాత్రం బాబాయ్ చేత కట్టించాడు.

ఆ రాత్రే పైథాన్‌లో ఇంకో లైను కలిపా, చుట్టుకొలతని 0.91తో గుణించి వైశాల్యానికి కలపమని. లైను పక్కన కామెంట్‌లో డ్రైవరన్న పేరు రాసా.